పండుగ సెలవులకు ముందు పిల్లల టీచరుగారికి కానుక ఎలా ఎంచుకోవాలి: విశాఖ తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

మా అత్తగారు విశాఖపట్నంలో ఒక మునిసిపల్ పాఠశాలలో ముప్ఫై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశారు. అక్కయ్యపాలెంలోని పాత ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఆవిడ బీరువా పై అర సర్దే పని నా మీద పడింది. రేపరు కూడా విప్పని పెన్నుల సెట్లు, ఒకదానిలో ఒకటి ఇమిడ్చి పెట్టిన కాఫీ కప్పులు, బ్యాటరీ వేయని గోడ గడియారం, ఉప్పుగాలికి పూత లేచిపోయిన ఫోటో ఫ్రేము, అన్నీ ఏదో ఒక పండుగకు పిల్లలు తెచ్చి ఇచ్చినవే. వాటి వెనుక బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి ఉంది. దాని నిండా పిల్లలు రాసిన చీటీలు ఉన్నాయి. కాపీ పుస్తకంలోంచి చింపిన కాగితం మీద, జాలరిపేట పిల్లవాడు ఒకడు, తన తండ్రి వేటకు వెళ్ళి చెప్పిన రోజుకు తిరిగి రానప్పుడు టీచరుగారు సాయంత్రం దాకా తనను పక్కనే కూర్చోబెట్టుకున్నారని పెన్సిలుతో రాశాడు. ఆ కాగితం మడతల దగ్గర చిరిగితే, అత్తగారు వెనుక వైపు అన్నం మెతుకులతో ఇంకో కాగితం అంటించి దాచుకున్నారు.

మా ఇద్దరు పిల్లల టీచర్లకు ఏదైనా ఇవ్వవలసి వచ్చినప్పుడల్లా ఆ అర నాకు గుర్తుకు వస్తుంది. దసరాకో, క్రిస్మస్‌కో, సంక్రాంతికో బడికి సెలవులు ఇచ్చే ముందు టీచరుగారికి ఏమి ఇవ్వాలి, ఎంతలో ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి అని ఆలోచించే తల్లిదండ్రుల కోసం నేను పాటిస్తున్న క్రమాన్నే ఇక్కడ విడమరచి రాస్తున్నాను.

గురువుకు పండుగ పూట ఇచ్చుకోవడం మనకు పాత ఆచారమే. వీధి బడుల కాలంలో దసరా వస్తే అయ్యవారు పిల్లలను వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్ళేవారు. పిల్లలు రంగు కాగితాలు అంటించిన వెదురు విల్లంబులు పట్టుకుని పద్యాలు పాడితే, ఇంటివారు అయ్యవారికి దక్షిణ, పిల్లలకు పప్పు బెల్లాలు ఇచ్చి పంపేవారు. ఆ దక్షిణ అప్పట్లో అయ్యవారి జీవనాధారంలో ఒక భాగం. ఈనాటి టీచరుగారికి జీతం బడి ఇస్తుంది కనుక మనం ఇచ్చేది కృతజ్ఞతగానే ఉండాలని, ఆవిడను మొహమాట పెట్టేది గానీ, పక్క పిల్లవాడి తల్లిదండ్రులను ఇబ్బంది పెట్టేది గానీ కాకూడదని నేను గట్టిగా నమ్ముతాను. కింద చెప్పే సలహాలన్నీ ఈ నమ్మకం నుంచి వచ్చినవే.

మొదటి అడుగు: బడి నియమం తెలుసుకోవడం

కొనడానికి బయలుదేరే ముందు బడిలో కానుకలకు అనుమతి ఉందో లేదో తెలుసుకోవాలి. ప్రభుత్వ ఉపాధ్యాయులకు 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి, కేంద్రీయ విద్యాలయాల వారికి అదే ఏడాది వచ్చిన కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి వర్తిస్తాయి. కానుకలు తీసుకోవడం మీద ఆ రెండింటిలోనూ ఆంక్షలు ఉన్నాయి. ప్రైవేటు బడుల్లో ఈ సంగతి సాధారణంగా పిల్లల డైరీ మొదటి పేజీల్లోనో, జూన్‌లో బడి తెరవగానే పంపే సర్క్యులర్‌లోనో ఉంటుంది. అక్కడ కనిపించకపోతే ఆఫీసుకు ఫోను చేసి అడగాలే తప్ప టీచరుగారినే అడగకూడదు. ఆవిడ వద్దంటే మనం నొచ్చుకుంటామేమో, సరేనంటే తానే అడిగినట్టు అవుతుందేమో అన్న సంకటంలో ఆవిడను పెట్టినట్టవుతుంది. అనుమతి లేదని తేలితే వస్తువు సంగతి అక్కడితో వదిలేసి, నేరుగా కింద చెప్పిన ఉత్తరం దగ్గరికి వెళ్ళండి.

రెండవ అడుగు: ఏ సందర్భానికి, ఏ రోజున

సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినోత్సవం, దాని వెనుకే దసరా సెలవులు, తరువాత దీపావళి, క్రిస్మస్, సంక్రాంతి, చివరికి ఏప్రిల్‌లో వేసవి సెలవులు. ప్రతి సందర్భానికీ ఏదో ఒకటి ఇవ్వడం ఎవరికీ మంచిది కాదు. ఏడాదికి ఒక్కటి ఎంచుకుంటే చాలు. 1962 నుంచి దేశమంతా ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నది సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజును. ఆయన 1931 నుంచి 1936 వరకు మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు కనుక ఆ రోజు మీద విశాఖవారికి కొంత అదనపు అభిమానం ఉండడం సహజమే. అయినా ఆనాడు బడిలో పిల్లలందరూ పూలతో, కార్డులతో టీచర్లను చుట్టుముడతారు. అందుకే నేను సంక్రాంతికి ముందు రోజులనే ఎంచుకుంటాను.

అందుకు ఇంకో కారణం కూడా ఉంది. విశాఖ బడుల్లో పనిచేసే టీచర్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చినవారు చాలామంది కనిపిస్తారు. సంక్రాంతికి వారు ద్వారకా బస్ స్టేషన్‌లోనో, రైల్వే స్టేషన్‌లోనో జనం మధ్య నిలబడి, ఒక చేత్తో పిల్లలను, ఇంకో చేత్తో సంచులను పట్టుకుని ఊరికి బయలుదేరుతారు. ఆ సంచిలో పట్టేది, పగలనిది, ఒలికిపోనిది అయితేనే మీ కానుక వారి పండుగకు తోడు వెళుతుంది. లేకపోతే స్టాఫ్ రూము బల్ల మీద సెలవులు ముగిసేదాకా పడి ఉంటుంది.

పరీక్షలు జరుగుతున్నప్పుడు గానీ, పేపర్లు దిద్దుతున్నప్పుడు గానీ ఏమీ ఇవ్వకండి. మీ మనసులో ఏమీ లేకపోయినా చూసేవారికి అది వేరుగా కనబడుతుంది. ప్రోగ్రెస్ కార్డులు చేతికి వచ్చాక, సెలవులకు ఒకటి రెండు రోజుల ముందు, ఉదయం పూట ఇవ్వడం ఉత్తమం. ఆఖరి రోజు ఆఖరి గంట టీచర్లకు ఊపిరి సలపని సమయం.

మూడవ అడుగు: పిల్లవాడి ద్వారా టీచరుగారిని తెలుసుకోవడం

రోజుకు ఆరేడు గంటలు టీచరుగారిని చూసేది పిల్లలు. వారికి తెలిసినంత మనకు తెలియదు. కాకపోతే "మీ మేడంకు ఏమి ఇష్టం" అని అడిగితే ఏ పిల్లవాడైనా తనకు ఇష్టమైన చాక్లెట్టు పేరే చెబుతాడు. ప్రశ్నను విడగొట్టి అడగాలి. ఇంటర్వెల్‌లో మేడం టీ తాగుతారా, కాఫీ తాగుతారా? బడికి బస్సులో వస్తారా, బండి మీద వస్తారా? ఎరుపు పెన్ను తప్ప ఇంకే పెన్నులు వాడతారు? పాఠం మధ్యలో గొంతు సవరించుకుంటారా? ఏ ఊరి కబుర్లు చెబుతారు? మా చిన్నవాడు ఒకసారి, తన మేడం దిద్దిన పుస్తకాలను మూడో అంతస్తు దాకా రెండు చేతులతో మోసుకెళతారని, మెట్ల మీద ఒక పుస్తకం జారిపడితే తాను తీసి ఇచ్చానని చెప్పాడు. ఆ ఏడాది మేము ఇచ్చింది అడుగు భాగం వెడల్పుగా ఉండి, పట్టీలు గట్టిగా కుట్టిన గుడ్డ సంచి. పూర్ణా మార్కెట్ దగ్గర దర్జీ చేత మందపాటి కాన్వాసు గుడ్డతో కుట్టించాను. మార్చి దాకా ఆ సంచిలోనే పుస్తకాలు మెట్లెక్కాయని వాడు ఇంటికి వచ్చి చెప్పేవాడు.

టీచరుగారి మతం, ఆహారపు అలవాట్లు మనకు తెలియవన్న సంగతి కూడా ఈ దశలోనే గుర్తుంచుకోవాలి. దేవుడి ప్రతిమలు, పూజా సామగ్రి, మాంసాహారం, గుడ్డు కలిసిన కేకులు తెలిసినవారికి తప్ప ఇవ్వకపోవడం క్షేమం. పసుపు కుంకుమలతో జాకెట్టు గుడ్డ పెట్టడం మనలో గౌరవమే అయినా, అందరు ఆడవారూ దాన్ని ఒకేలా అందుకోలేరు. ఒక టీచరుగారి ఇంటి పరిస్థితి తెలియకుండా బడి వరండాలో పెట్టి బాధపెట్టిన సందర్భాన్ని నేను కళ్ళారా చూశాను. అత్తరులు, చీరలు, నగలు వంటివి వ్యక్తిగతమైనవి కనుక అసలు వద్దు.

నాలుగవ అడుగు: ఎంతలో

నా లెక్క ప్రకారం ఒక కుటుంబం తరఫున ఇచ్చే వస్తువు నూట యాభై నుంచి మూడు వందల రూపాయల మధ్య ఉంటే సరిపోతుంది. స్టాఫ్ రూములో పక్క టీచరు "ఇది ఎవరిచ్చారు?" అని అడిగితే, మీ టీచరుగారు తడుముకోకుండా పేరు చెప్పగలిగే ధర అది. నగదు కవరు, వెండి వస్తువు, షాపు గిఫ్ట్ కార్డు వద్దు. డబ్బు ఎంత తక్కువైనా దాని మీద అంకె కనబడుతుంది, ఆ అంకె మిగతా పిల్లల అంకెలతో పోలికకు వస్తుంది.

ఐదవ అడుగు: ముందుగా ఉత్తరం

చాలామంది వస్తువు కొన్నాక దానికి ఒక చీటీ తగిలిస్తారు. నేను ముందు ఉత్తరం రాయించి, తరువాతే బజారుకు వెళ్ళమంటాను. ఉత్తరం సిద్ధమయ్యేసరికి ఏ వస్తువు కొనాలో కూడా చాలాసార్లు తెలిసిపోతుంది, లేదా వస్తువే అవసరం లేదనిపిస్తుంది.

పిల్లలను కూర్చోబెట్టి "థాంక్యూ లెటర్ రాయి" అంటే "మీరు చాలా మంచి టీచర్" అన్న ఒక్క వాక్యం దగ్గర ఆగిపోతారు. దానికి బదులుగా, జూన్‌లో నీకు రానిది, ఇప్పుడు వచ్చినది ఏమిటి అని అడగండి. అది ఎలా వచ్చింది, మేడం ఏమి చేశారు, ఆ రోజు నువ్వు ఎక్కడ కూర్చున్నావు అని ఒక్కొక్కటిగా అడుగుతూ, వారు చెప్పిన మాటలనే వారి చేత రాయించండి. రెండవ తరగతిలో ఉండగా మా అమ్మాయి రాసినది ఇది:

"మేడం, నాకు తీసివేతల్లో అప్పు తెచ్చుకోవడం రాలేదు. మీరు అగ్గిపుల్లల కట్ట తెచ్చారు. కట్ట విప్పితే పది పుల్లలు వచ్చాయి. అప్పుడు నాకు తెలిసింది. ఇప్పుడు మా తమ్ముడికి నేను చెబుతున్నాను."

ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు. అయినా ఆ టీచరుగారు దీన్ని చదివి, అగ్గిపుల్లల సంగతి పిల్లకు గుర్తుందా అని మా ఆవిడను రెండుసార్లు అడిగారట. పిల్లలు రాసిన దానిలో గుణింతాల తప్పులు దిద్దకండి. తెలుగులో రాయడం కష్టమైన పిల్లలను తమకు చేతనైన భాషలోనే రాయనివ్వండి. ఇంకా రాయడం రాని చిన్న పిల్లలైతే బొమ్మ వేయించి, అది ఏమిటో వారి మాటల్లోనే కింద మీరు రాయండి. తల్లిదండ్రులుగా మీరు వేరే రెండు మూడు వాక్యాలు రాయవచ్చు. బిడ్డలో మీరు గమనించిన ఒక మార్పును తేదీతోనో సందర్భంతోనో చెప్పండి. ఆ ఉత్తరం ప్రతిని ప్రిన్సిపాల్‌గారికి కూడా పంపితే, టీచరుగారి పనికి అది లిఖితపూర్వకమైన సాక్ష్యంగా నిలుస్తుంది. ప్రైవేటు బడిలో పనిచేసేవారికి అది ఎంత అవసరమో ఆ ఉద్యోగం చేసినవారికే తెలుసు.

ఆరవ అడుగు: వస్తువును ఎంచుకోవడం

విశాఖలో ఉన్నవారికి ఈ విషయంలో ఒక అదృష్టం ఉంది. చుట్టుపక్కల రెండు మూడు గంటల దారిలో తయారయ్యే మంచి వస్తువులు నగరంలోనే దొరుకుతాయి.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక లక్క బొమ్మలు నా మొదటి ఎంపిక. అంకుడు కర్రను యంత్రం మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్కను దానికి ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు, అంటే ఇది ఫలానా ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి అన్న అధికారిక గుర్తింపు వచ్చింది. టీచరుగారికైతే బొమ్మ కంటే పెన్నులు పెట్టుకునే స్టాండు, మూత ఉన్న చిన్న భరిణె, తాళాలు తగిలించుకునే కీచైన్ వంటివి ఎక్కువ పనికి వస్తాయి. ప్రభుత్వ హస్తకళల దుకాణమైన లేపాక్షిలో గానీ, హస్తకళల ప్రదర్శనల్లో గానీ కొనేటప్పుడు చేతిలోకి తీసుకుని చూడండి. రంగు కర్రతో కలిసిపోయి నున్నగా ఉండాలి, గోటితో గీస్తే పెచ్చుగా లేవకూడదు. భరిణె మూత తిప్పినప్పుడు బిగుతుగా కూర్చోవాలి. ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టవద్దని, పొడి గుడ్డతో తుడిస్తే చాలని ఒక చిన్న కాగితం మీద రాసి జత చేయండి.

కాఫీ తాగేవారని తెలిస్తే అరకు కాఫీ పొడి మంచి కానుక. అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక సూచిక లభించింది. 1956లో ఏర్పడి విశాఖ కేంద్రంగా పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో ఇది దొరుకుతుంది. కొనేటప్పుడు మూడు సంగతులు చూడాలి. ఇంట్లో ఫిల్టరు ఉంటేనే ఫిల్టరు పొడి పనికి వస్తుంది. చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) కలిసినదా కాదా అన్నది ప్యాకెట్టు మీద ఉంటుంది. తయారీ తేదీ దగ్గరిదై ఉండాలి. పెద్ద ప్యాకెట్టు కంటే చిన్నదే మేలు, మన ఊరి తేమకు విప్పిన కాఫీ పొడి త్వరగా వాసన కోల్పోతుంది. కాఫీ తాగనివారికి అదే దుకాణంలో దొరికే తేనె సీసా ఇవ్వవచ్చు. రోజంతా గొంతెత్తి పాఠం చెప్పేవారికి అది ఇష్టంగానే ఉంటుంది. సీసా కనుక దాన్ని ఊరికి మోసుకెళ్ళే పని లేనివారికే ఇవ్వండి.

మాస్టారు అయితే పొందూరు ఖద్దరు చేతి రుమాళ్ళో, కండువానో ఇవ్వవచ్చు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేసి, చేత్తో వడికి నేస్తారు. సన్న నూలు బట్ట ఖరీదు ఎక్కువ కనుక పెద్ద వస్త్రాలను నలుగురు కలిసి ఇచ్చే సందర్భానికి ఉంచుకోండి. సంగీతం చెప్పే టీచరుగారికి బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చెక్కే చిన్న జ్ఞాపిక వీణ కూడా అటువంటిదే.

మాడుగుల హల్వా వంటి తీపి పదార్థాలు ఇచ్చేముందు టీచరుగారికి చక్కెర వ్యాధి లేదని తెలిసి ఉండాలి. జంతికలు, చెక్కలు వంటి కరకరలాడేవి ఈ సముద్రపు గాలికి రెండు రోజుల్లో మెత్తబడతాయి. సంక్రాంతికి ఎలాగూ ప్రతి ఇంట్లో అరిసెలు ఉంటాయి. ఇంట్లో చేసినదే ఇవ్వాలని ఉంటే తిరిగి ఇవ్వనక్కరలేని డబ్బాలో పెట్టి, ఎప్పుడు చేశారో పైన రాయండి. మొక్కలు దగ్గరలో ఇల్లు ఉన్నవారికే బాగుంటాయి, కుండీతో సిటీ బస్సు ఎక్కడం ఎంత కష్టమో ఆలోచించండి.

కప్పులు, ఫోటో ఫ్రేములు, "ఉత్తమ ఉపాధ్యాయురాలు" అని అచ్చు వేసిన షీల్డులు మాత్రం ఎంత అందంగా ఉన్నా వద్దు. తరగతిలో నలభై మంది పిల్లలు ఉంటే, వారిలో పది మంది అవే తెస్తారు.

టీచరుగారికి ఇచ్చే బదులు తరగతికి ఇవ్వడం కూడా ఒక మంచి మార్గం. స్కెచ్ పెన్నులు, చార్టులు, గోడకు అంటించే రంగు కాగితాలు, బహుమతిగా ఇచ్చే పెన్సిళ్ళు చాలామంది టీచర్లు తమ డబ్బుతోనే కొంటారు. మా అత్తగారు ప్రతి జూన్‌లోనూ జగదాంబ దగ్గర స్టేషనరీ దుకాణానికి వెళ్ళడం నేను చూశాను. పిల్లల కథల పుస్తకాలు నాలుగు కొని తరగతి అల్మారాకు ఇస్తే, అనుమతి లేని బడిలో కూడా సాధారణంగా ఎవరూ కాదనరు.

ఏడవ అడుగు: అందరూ కలిసి ఇచ్చేటప్పుడు

మా అమ్మాయి మూడవ తరగతిలో ఉన్నప్పుడు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో తలా మూడు వందలు వేసుకుందామని అన్నారు. డబ్బు పంపిన వారి పేర్ల ఎదురుగా పచ్చ గుర్తు పెడుతూ ఒక జాబితా ప్రతి సాయంత్రం వచ్చేది. సెలవులకు రెండు రోజుల ముందు ఆ జాబితాలో మూడు పేర్ల ఎదురుగా ఖాళీ మిగిలింది. ఆ రాత్రి వారిలో ఒక తల్లి గ్రూపులోంచి తప్పుకున్నారు. మర్నాడు కానుక ఇచ్చి ఫోటో దిగే సమయానికి ఆవిడ కొడుకు బడికి రాలేదు. జాబితా పెట్టినవారిది చెడ్డ బుద్ధి అని నేను అనను, లెక్క స్పష్టంగా ఉండాలనే చేశారు. ఆ జాబితాలో నా పేరు ఎదురుగా పచ్చ గుర్తు ఉంది, నేనూ ఏమీ అనలేదు. ఆ పిల్లవాడి ఖాళీ బెంచీ సంగతి మా అమ్మాయి ఇంటికి వచ్చి చెప్పినప్పటి నుంచి, ఈ పనిని నేనే నెత్తిన వేసుకుని వేరే పద్ధతిలో చేస్తున్నాను.

డబ్బు ఒక్కరికే వ్యక్తిగతంగా పంపాలి, ఎవరు ఎంత పంపారన్నది ఆ ఒక్కరి దగ్గరే ఉండిపోవాలి. యాభై రూపాయలకు మించి ఎవరూ పంపవద్దని, పంపకపోయినా పరవాలేదని మొదటి సందేశంలోనే రాయాలి, రెండవసారి గుర్తు చేయకూడదు. గడువు ముగిశాక వచ్చిన మొత్తాన్ని బట్టే వస్తువు ఎంచాలి. వస్తువును ముందు నిర్ణయించి దాని ధరను తలలకు పంచితే పాత కథే మళ్ళీ మొదలవుతుంది. కార్డు మీద తరగతిలోని పిల్లలందరి పేర్లూ హాజరు పట్టీ వరుసలో ఉండాలి. డబ్బు ఇచ్చినవారు, ఇవ్వనివారు అన్న తేడా ఆ కార్డులో కనబడకూడదు. రసీదును మాత్రం గ్రూపులో పెట్టండి, మిగిలిన చిల్లరతో తరగతికి పెన్సిళ్ళు కొనండి.

ఎనిమిదవ అడుగు: చుట్టడం, అందించడం

మెరుపు కాగితం, ప్లాస్టిక్ రిబ్బను అవసరం లేదు. గుడ్డ సంచిలో పెట్టి ఇస్తే సంచి కూడా పనికి వస్తుంది. ధర చీటీ తీసేయండి, ఉత్తరాన్ని వస్తువుకు అతికించకుండా విడి కవరులో పెట్టండి. పిల్లవాడి చేతనే రెండు చేతులతో ఇప్పించండి. నలుగురి ముందు కాకుండా తరగతి మొదలయ్యే ముందు ఇస్తే మంచిది. "ఎందుకండీ ఇవన్నీ" అని టీచరుగారు అంటే, ఉత్తరం వాడు సొంతంగా రాశాడండీ అని చెప్పి వచ్చేయండి. ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టకండి.

హైస్కూలు పిల్లలకు ఆరేడుగురు టీచర్లు ఉంటారు. అందరికీ వస్తువులు కొనే పని లేదు. ఒక్కొక్కరికి నాలుగు వాక్యాల చీటీ రాయించి, స్టాఫ్ రూముకంతా కలిపి కాఫీ పొడి గానీ, పళ్ళు గానీ పంపండి. దసరా రోజుల్లో అయితే మన్యం నుంచి వచ్చే సీతాఫలాలు రోడ్ల పక్కన దొరుకుతాయి. మర్నాటికి పండే కాయలు ఏరుకోవాలి.

ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు ఆయమ్మ చేసే సేవ టీచరుగారి సేవకు తక్కువ కాదు. తడిసిన నిక్కరు మార్చేది, ఏడ్చే బిడ్డను గేటు దగ్గర ఎత్తుకునేది ఆవిడే. ఆవిడకు ఇచ్చేది కూడా టీచరుగారికి ఇచ్చే రోజునే, అదే గౌరవంతో, పిల్లల చేతుల మీదుగా ఇప్పించండి. మేము రెండేళ్ళుగా ఆయమ్మకు మంచి తువ్వాలు, వ్యాన్ డ్రైవరుగారికి కాఫీ ప్యాకెట్టు ఇస్తున్నాము.

టీచరుగారు కానుక తీసుకోకపోతే

ఇది అప్పుడప్పుడు జరుగుతుంది. రెండుసార్లు బలవంతం చేయకండి. "పరవాలేదండీ" అని వస్తువును వెనక్కి తీసుకుని, పిల్లవాడికి అది బడి నియమమని, మేడంకు కోపం రాలేదని ఆ సాయంత్రమే విడమరచి చెప్పండి. లేకపోతే వాడు తానేదో తప్పు చేశానని సెలవులంతా అనుకుంటాడు. మా చిన్నవాడి సంచిని మొదట ఆ మేడం కూడా వద్దన్నారు. ఉత్తరం మాత్రం తీసుకుని చదివి, మెట్ల మీద పుస్తకం జారిపడిన సంగతి దగ్గర ఆగి, ఆ సంచిని తరగతి పుస్తకాలకు వాడుకుంటానని చెప్పి అల్మారా కొక్కేనికి తగిలించారు.